మొదటి వరుసలో పేరు

కాకినాడ, జగన్నాథపురం
4 ఆగస్టు 2003

శివరామకృష్ణ మాస్టారికి,
రాణి నమస్కారాలు.

మెయిల్ సర్వర్ చూసే మనిషి పోస్టులో ఉత్తరం రాస్తోందేంటని నవ్వుకోకండి. మెయిల్ పంపితే మీకు ఎప్పుడు చేరుతుందో నేనే చెప్పలేని స్థితి. ఫోన్ చేద్దామంటే నేను రెండో వాక్యం మొదలుపెట్టేలోపు మీరు పదో వాక్యంలో ఉంటారు. పాలిటెక్నిక్‌లో మీ ఫిజిక్స్ క్లాసులోనూ అంతే కదండీ. కాగితం మీదైతే నా మాట చివరిదాకా నేనే చెప్పుకోవచ్చు.

మన డెల్టా ప్రజల వేదిక సర్వర్ నెల రోజులుగా మూలుగుతోంది. ఉదయం ఏడింటికి వచ్చిన మెయిల్ మధ్యాహ్నం రెండింటికి గానీ బయటికి రావడం లేదు. కాలేజీ ల్యాబ్‌లో నా డ్యూటీ అయ్యాక రోజూ వెళ్ళి చూస్తున్నాను. మెమరీ అంటే యంత్రం పని చేసుకునే బల్ల అనుకోండి, డిస్క్ అంటే పక్కగదిలో బీరువా. బల్ల మీద చోటు చాలక ప్రతి కాగితానికీ లేచి బీరువా దాకా వెళ్ళొస్తోంది. గదిలోకి అడుగుపెడితే డిస్క్ గరగర వినిపిస్తోంది.

బల్లని ఆక్రమించింది స్పామ్ ఫిల్టర్. లాటరీ తగిలిందనీ, మందులు చవకనీ వచ్చే చెత్తని ఆపుతుందే, అది. ఐదు ప్రతులుగా నడుస్తుంది, ఐదుగురు గుమస్తాలన్నమాట. ఒక్కొక్కరికి ఇరవై ఎంబీ చాలాలి. ఇప్పుడు ఒక్కొక్కరు తొంభై దాటుతున్నారు. ఐదు తొంభైలు నాలుగువందల యాభై. మన దగ్గర ఉన్నది మొత్తం రెండువందల యాభై ఆరు.

మామూలు రోజులైతే మీకు చెప్పకుండానే చూసుకునేదాన్ని. కానీ సెప్టెంబరు 11న ఏరు సముద్రంలో కలిసే మొగలో కట్టే జెట్టీ మీద ప్రజాభిప్రాయ సేకరణ. ఏడు ఊళ్ళ అభ్యంతరాలు మెయిల్లో మనకి రావాలి. అచ్చు తీసి, కన్వీనర్‌గా మీ సంతకంతో తొమ్మిదో తారీఖు సాయంత్రంలోగా కలెక్టరాఫీసులో ఇవ్వాలి. అందులో మా ఊరు కూడా ఉంది. అందుకని అడుగుతున్నాను: జూన్ తర్వాత మీ వైపు నుంచి ఏమైనా మార్చారా?

రాణి


రాజమండ్రి, ఇన్నీసుపేట
9 ఆగస్టు 2003

రాణీ,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి కోపంగా, రెండోసారి ఫిజిక్స్ మాస్టారిగా.

కోపం సంగతి ముందు. సరిగ్గా అభ్యంతరాలు చేరాల్సిన నెలలోనే మన యంత్రానికి జబ్బు చేసిందంటే అది యాదృచ్ఛికమని నమ్మమంటావా? జెట్టీ కట్టేవాళ్ళకి డబ్బుంది, మనుషులున్నారు, రోజుకి వెయ్యి పనికిరాని మెయిళ్ళు పంపించి మనల్ని ముంచే తీరికా ఉంది. ముందు ఆ దిక్కున చూడు. మనవాళ్ళకో దురలవాటు ఉంది. ఇల్లు కాలుతుంటే కూడా వైరింగు బాగాలేదేమో అంటారు తప్ప నిప్పెట్టినవాడి పేరు ఎత్తరు.

ఇక మాస్టారి సంగతి. నీ లెక్క నాకు మింగుడుపడలేదు. ఐదుగురు గుమస్తాలు చూసేది ఒకే నిబంధనల పుస్తకం కదా. అలాంటప్పుడు ఐదు పుస్తకాలెందుకు? గౌతమీ గ్రంథాలయంలో ఒకే పేపరు చుట్టూ ఆరుగురు నిలబడి చదవడం రోజూ చూస్తున్నాను. యంత్రానికి ఆ మాత్రం ఉమ్మడి జ్ఞానం లేదా? ఒక మెయిలు చూడటం అయిపోయాక ఆ గుమస్తా బల్ల ఖాళీ చెయ్యడా? నాకు ఉపమానాలు కాదు, కారణం కావాలి.

నేనేమీ మార్చలేదు. యంత్రాల జోలికి నేను పోను.

ఇంకో మాట. ఆరు ఊళ్ళ నుంచి అభ్యంతరాలు వచ్చాయి, ఆలస్యంగానైనా. మీ కొత్తరేవుపేట నుంచి ఒక్కటంటే ఒక్కటి లేదు. జెట్టీ లేచేది మీ గుమ్మంలో. మీ అమ్మ మరిడమ్మ గారు చేపలమ్మే ఆడవాళ్ళ సంఘానికి అధ్యక్షురాలు. ఏం చేస్తున్నట్టు? మన వేదిక పత్రిక అచ్చుకి వెళ్ళే రోజు దగ్గర పడింది. నేను ఊరుకునే మనిషిని కాను.

శివరామకృష్ణ


కాకినాడ
17 ఆగస్టు 2003

మాస్టారికి,

మీరడిగిన కారణం కోసం రెండు రోజులు చదివాను. చాలా బాగుందండి, మీకు నచ్చుతుంది.

నిజానికి ఐదుగురూ పుట్టేటప్పుడు ఒకే పుస్తకం చుట్టూ నిలబడే పుడతారు. గౌతమీ గ్రంథాలయంలోలాగే. కాకపోతే ఒక షరతు. ఎవరైనా ఒక పేజీ మీద పెన్సిల్‌తో చిన్న గీత పెడితే చాలు, ఆ పేజీకి అతనికి విడిగా ఓ నకలు తీసి ఇస్తారు, మిగతావాళ్ళది చెడకూడదని. మన ఫిల్టర్ రాసిన భాష ఎలాంటిదంటే, చదవడమంటేనే గీత పెట్టడం. కాబట్టి పని మొదలైన కాసేపటికి ఎవరి పుస్తకం వాళ్ళదే. పుస్తకం చిన్నదైతే ఎవరికీ పట్టదు. లావైతే ఐదు రెట్ల లావు. మీ రెండో ప్రశ్నకి కూడా జవాబు అదే. మెయిల్ చూడటం అయిపోయినా పుస్తకం బల్ల మీదే ఉంటుంది.

అందుకని పుస్తకం ఎందుకు లావయిందని వెతికాను. ముందు మీ మాటే పరీక్షించాను. మే నెలలో రోజుకి ఎన్ని మెయిళ్ళొచ్చాయో ఇప్పుడూ అన్నే, మనల్ని ఎవరూ ముంచడం లేదు. తర్వాత ఫొటోలతో పెద్ద మెయిళ్ళేమోననుకున్నాను. పెద్దవాటిని ఫిల్టర్ చూడకుండా వదిలేసే ఏర్పాటు ముందే ఉంది. ఫిల్టర్ తనంతట తను నేర్చుకున్న మాటల ఖాతాని కత్తిరించాను, మూడు ఎంబీ తగ్గింది, అంతే. గుమస్తాలని ఐదు నుంచి రెండుకి తగ్గించాను. డిస్క్ గరగర ఆగింది గానీ గుమ్మం దగ్గర మెయిళ్ళ వరుస పెరిగింది.

చివరికి మన సొంత పట్టిక తీసేసి మొదలుపెట్టాను. అంటే ఎవరి మెయిల్ రానివ్వకూడదో, ఏ మాటకి ఎన్ని మార్కులో మనం రాసుకునే పట్టిక. అది లేకుండా ఒక్కో గుమస్తా ఇరవై ఒక్క ఎంబీ. పెడితే తొంభై నాలుగు. సగం పెడితే యాభై ఎనిమిది. మీరు ల్యాబ్‌లో చెప్పేవారు, గ్రాఫు గీత తిన్నగా వస్తే దొంగ దొరికినట్టేనని.

ఆ పట్టికలో రెండు వందల వరుసలుంటాయనుకున్నాను. తెరిస్తే యాభై నాలుగు వేలు. మొదటి వరుస ఒక్కటీ నేను రాసిందే, దాని సంగతి తర్వాత చెబుతాను. మొదట్లో వేదిక పెట్టించిన నూట ఎనభై పోను, మిగతావి నావి కావు. జూన్ 3 నుంచి రోజూ మధ్యాహ్నం రెండింటికి రాజమండ్రి నుంచి ఎవరో మీ పేరుతో లాగిన్ అయ్యారు. మీరు యంత్రాల జోలికి పోరు కదా. మరి ఎవరండీ?

అమ్మని అడిగాను. ఊరంతా ఎప్పుడో పంపేశాం అంటోంది. చిరునామా తప్పు కొట్టారేమో, కనుక్కుంటాను. కాస్త ఆగండి.

రాణి


రాజమండ్రి
22 ఆగస్టు 2003

రాణీ,

దొరికిపోయాను కాబట్టి దాచను. ఆ మధ్యాహ్నపు లాగిన్ మా అక్కయ్య శ్యామలాంబది. ముప్పై ఏళ్ళు మునిసిపల్ ఆఫీసులో టైపిస్టు. రిటైరయ్యాక వేళ్ళు ఊరుకోవడం లేదంటే పని నేనే ఇచ్చాను.

నా దగ్గర చెప్పుల పెట్టెల నిండా కార్డులున్నాయని నీకు తెలుసు. ఇరవై రెండేళ్ళుగా, జనాన్ని మోసం చెయ్యడానికి వాడిన ప్రతి మాటా, ఎక్కడ కనిపిస్తే అక్కడ, తేదీతో సహా రాసిపెట్టాను. "అభివృద్ధి కోసం కొంత త్యాగం." "సంబంధిత అధికారులు." "సానుకూలంగా పరిశీలిస్తాం." "దయతలచి." తొమ్మిది వేల చిల్లర కార్డులు. తెలుగుని ఇంగ్లీషు అక్షరాల్లో కొడుతున్నారు కదా, ఒక్కో మాటని ఒక్కొక్కరు ఒక్కోలా. అక్కయ్య ఓపిగ్గా ప్రతిదానికీ ఐదారు రకాలు కొట్టింది. ఒక్కో మాటకి అర మార్కు వేయించాను. ఐదు మార్కులు దాటితే ఆగిపోవాలని నువ్వేగా చెప్పావు.

ఇందులో తప్పేంటో చెప్పు. లాటరీ తగిలిందని రాసేవాడు చెత్తమనిషి, వాడి ఉత్తరం ఆపాలి. "నిర్వాసితులకు న్యాయం చేస్తాం" అని రాసేవాడు ఎవడు? వాడి వల్ల పోయిన ఊళ్ళెన్ని? లాటరీవాడి వల్ల ఒక్క ఊరైనా పోయిందా? చెత్త అంటే ఏమిటో తేల్చే అధికారం ఎవడో ముక్కూమొహం తెలియని ప్రోగ్రామరుకి వదిలెయ్యాలా? మన గుమ్మం, మన నిబంధన. పట్టిక తియ్యను. మెమరీ చాలకపోతే మెమరీ కొందాం.

పత్రిక వచ్చేసింది. ఓ కాపీ పెడుతున్నాను. మొదటి పేజీలో నా సంపాదకీయం "నోరు లేని ఊరు." నీకు నొప్పి కలుగుతుందని తెలుసు. ఆరు ఊళ్ళు మాట్లాడాయి, మీ ఊరు మాట్లాడలేదు. మాట్లాడాల్సినప్పుడు మాట్లాడనివాడు అవతలి పక్షమే. ఇది నీ ఊరని మినహాయింపు ఇస్తే నన్ను నేను క్షమించుకోలేను.

శివరామకృష్ణ


కాకినాడ
29 ఆగస్టు 2003

గౌరవనీయులైన కన్వీనర్ గారికి,

మీ సంపాదకీయాన్ని వీరవేణి గారు సంఘం గదిలో అందరికీ చదివి వినిపించారు. మా ఊళ్ళో అంగన్‌వాడీ నడిపేది ఆవిడే, అందరి అభ్యంతరాలూ టైపు చేసింది కూడా ఆవిడే. రెండో పేరా దగ్గర మా అమ్మ ఇక చాలమ్మా, ఆపెయ్యి అందట.

ఆ రోజే నేను ఆపిన మెయిళ్ళ పెట్టె తెరిచాను. నెలకోసారి తెరవాల్సింది. యంత్రం నీరసంగా ఉంది, తెరిస్తే పూర్తిగా ఆగిపోతుందేమోనని జూన్ తర్వాత తెరవలేదు. అది నా తప్పు, రాసిపెట్టుకోండి. అందులో కొత్తరేవుపేట నుంచి వచ్చినవి ముప్పై ఒకటి ఉన్నాయి. మొదటిది జూలై 19ది. మా అమ్మది. పొడుగ్గా ఉంది, కొంత ఇక్కడ రాస్తున్నాను:

"కలెక్టరు గారికి. మా ఊరి అభివృద్ధికి మేం అడ్డం కాదండి. సంబంధిత అధికారులు దయతలచి ఒక్కసారి పోటు మీద మా మొగకి వచ్చి చూడాలండి. జెట్టీ కట్టే చోటే మా పడవలు లోపలికి తిరగాలి. అక్కడ తిరక్కపోతే ఇసక మేట ఎక్కి బోల్తా పడిపోద్ది. మా ఆయన పోయింది ఆ మేట మీదే. మా విన్నపాన్ని సానుకూలంగా పరిశీలించి న్యాయం చేయగలరు."

ఏడు మార్కులు. ఏ మాటకి ఎంతో యంత్రం కింద వరసగా రాసింది. అభివృద్ధి అర, సంబంధిత అధికారులు అర, దయతలచి అర. పద్నాలుగు అరలు. మిగతా ఆరు ఊళ్ళవాళ్ళు మన మీటింగుల మాటల్లో రాశారు కాబట్టి వాళ్ళవి దాటాయి. ఇసక మేటకి మార్కులేమీ లేవు.

ఊరు నిర్ణయం తీసుకుంది. మా కాగితాలు మాకిచ్చెయ్యండి, మీ వేదిక కవరులో వెళ్ళక్కర్లేదు అంటున్నారు. విడిగా ఇవ్వడానికి దరఖాస్తు పద్ధతి ఎవరికీ తెలియదు. తొమ్మిదో తారీఖు దాటితే ఎవరు ఇచ్చినా తీసుకోరు.

పట్టిక నేను ఒక్క నిమిషంలో తీసెయ్యగలను. తియ్యలేదు. అడగకుండా ఇంకొకరి కాగితం చెరపకూడదని నాకు నేర్పింది మీరే. మెమరీ కొనడం గురించి రాశారు. కొనొచ్చండి. బల్ల పెద్దదవుతుంది. ఆగే ఉత్తరాలు ఆగుతూనే ఉంటాయి.

ఇట్లు
పి. రాణి


రాజమండ్రి
2 సెప్టెంబరు 2003

రాణీ,

నాలుగుసార్లు జవాబు మొదలుపెట్టి చింపేశాను. చింపినవన్నీ బాగా రాసినవే. అదే నాకు భయంగా ఉంది.

మీ అమ్మగారి ఉత్తరం అక్కయ్యకి చదివి వినిపించాను. ఆవిడ విని, "ఈ మాటలన్నీ నేనే కొట్టానురా. మునిసిపల్ ఆఫీసులో కూడా కొట్టాను, జనం దగ్గరుండి చెప్పి కొట్టించుకునేవారు. అలా రాస్తే గానీ తీసుకునేవాళ్ళం కాదు" అంది. ముప్పై ఏళ్ళు మా ఇంట్లో ఉన్న విషయం. నేనెప్పుడూ అడగలేదు.

రెండు రోజులుగా ఒకే ప్రశ్న తిరుగుతోంది. ఆ మాటలు వాడినవాళ్ళందరినీ ఆపమన్నాను. ఆ మాటలు మన వేదికలో అందరికంటే ఎక్కువ వాడేది ఎవరు? ప్రతి వ్యాసంలోనూ వాటిని ఎత్తిచూపి చీల్చి చెండాడేది నేనే కదా. మరి నా మెయిళ్ళు ఒక్కటీ ఆగలేదేం? యంత్రానికి వెక్కిరింపు అర్థం కాదు కదా.

పట్టికలో మొదటి వరుస ఒకటి నువ్వు రాశానన్నావు. అందులో ఏముంది?

శివరామకృష్ణ


కాకినాడ
5 సెప్టెంబరు 2003

మాస్టారికి,

మీరే అడిగారు కాబట్టి చెబుతున్నాను. మీరు అడుగుతారని అనుకోలేదు.

మొదటి వరుసలో మీ చిరునామా ఉంది. పక్కన "ఎప్పుడూ ఆపవద్దు" అని ఉంది. పోయినేడు జనవరిలో రాశాను. అప్పటికి పట్టికలో వరుసలు నూట ఎనభై. పోలవరం మీద మీరు పంపిన వ్యాసాన్ని ఫిల్టర్ ఆపేసింది. మీకు చెబితే నొచ్చుకుంటారని చెప్పకుండా మినహాయింపు రాసేశాను. చెప్పి ఉంటే పట్టిక ఆ రోజే ఆగిపోయేదేమో. అది రెండో తప్పు, అది కూడా నాదే.

మీ ఉత్తరం చూశాక, ఆ వరుస తీసి మీ చివరి పన్నెండు వ్యాసాలు ఒక్కొక్కటీ ఫిల్టర్‌కి ఇచ్చాను. ఊరికే తెలుసుకుందామని. అన్నిటికంటే తక్కువ ముప్పై ఎనిమిది. "నోరు లేని ఊరు"కి అరవై మూడు. లాటరీవాడికి మన సర్వర్లో ఇప్పటిదాకా వచ్చిన ఎక్కువ మార్కులు ఇరవై తొమ్మిది.

దీన్ని ఎవరికీ చెప్పలేదు. ఇంకా నాలుగు రోజులే ఉన్నాయి.

రాణి


రాజమండ్రి
13 సెప్టెంబరు 2003

రాణీ,

నువ్వు కాలేజీలో ఉన్నప్పుడు నేను మీ ఊరు వెళ్ళి వచ్చిన సంగతి మీ అమ్మగారు చెప్పే ఉంటారు. నా వైపు నుంచి కూడా రాస్తాను. వాదన కోసం కాదు, దాఖలా కోసం.

ఎనిమిదో తారీఖు పొద్దున్న బస్సులో కాకినాడ దిగి ఆటోలో వచ్చాను. మీ అమ్మగారు వసారాలో కానాగంత చేపలు కోస్తున్నారు. తల ఎత్తలేదు.

"ఏటండి మాస్టారు, నోరు లేని ఊరు ఎలాగుంటదో చూద్దారని వచ్చారా?"

"తప్పు రాశాను మరిడమ్మ గారూ."

"రాశారు కదండి. తప్పని కూడా రాశారా, ఇది ఉత్తినే నోటితో అంటన్నారా?"

రాసి తెచ్చాను. వచ్చే సంచికకి మొదటి పేజీలో, అదే చోట, అంతే పెద్ద అక్షరాలతో. సంఘం గదిలో నిలబెట్టి చదివించారు. వీరవేణి గారు మధ్యలో రెండుసార్లు ఆపి "ఈ ముక్క అర్థం కాలేదండి" అన్నారు. రెండుసార్లూ అది నేను నన్ను సమర్థించుకున్న ముక్కే. కొట్టేశాను.

ఆ తర్వాత మీ అమ్మగారు అడిగారు, "మా మాటల్ని మీ మిషను ఎందుకాపిందండి?" అని. అవి మిమ్మల్ని ముంచేవాళ్ళు వాడే మాటలు, అందుకని పట్టిక రాశానని చెప్పాను. ఆవిడ చేతులు కడుక్కుని వచ్చి కూచున్నారు.

"ఆళ్ళ మాటలని మాకు తెలవదనుకుంటన్నారా? కలెక్టరు గారితో చెప్పాలంటే కలెక్టరు గారి బాసే మాటాడతాం. మీతో చెప్పాలంటే మీ బాస. పోరాటం, హక్కు, అన్నీ అంటాం కదండి మీ మీటింగుల్లో. మా బాసలో చెబితే మీరిద్దరూ రారు."

రాణీ, ముప్పై ఏళ్ళుగా వేదికలెక్కుతున్నాను. జేబులోంచి కార్డు తీసి ఆ మాట తేదీతో సహా రాసుకున్నాను.  

మధ్యాహ్నానికి సంఘం ఒప్పుకుంది. ముప్పై ఒక్క కాగితాల మీదా, అక్షరం మార్చకుండా, పైన నా ఉత్తరం పెట్టి సంతకం చేశాను. నా ఉత్తరం ఎలా మొదలవుతుందో తెలుసా? "సంబంధిత అధికారులకు." వేరే ఎలా రాయాలో ఎంత ఆలోచించినా తట్టలేదు. తొమ్మిదో తారీఖు మూడున్నరకి ఇచ్చి రసీదు తీసుకున్నాం. పదకొండున సేకరణలో మీ అమ్మగారు మాట్లాడినప్పుడు, రాసుకుంటున్న అధికారి కలం ఆపి, "ఇసక మేట ఎక్కడ?" అని అడిగాడు. ఈ పౌర్ణమి పోటు తగ్గేలోపు వచ్చి చూస్తామన్నారు. వస్తారో రారో. రాకపోతే మళ్ళీ వెళ్దాం. ఈసారి నేను వెనక నిలబడతాను.

ఇప్పుడు నా వైపు నుంచి లిఖితపూర్వకంగా: పట్టిక తీసెయ్యి. యాభై నాలుగు వేలూ. కార్డులు మాత్రం ఉంచుకుంటాను, అవి చరిత్ర. కానీ చరిత్రని గుమ్మానికి కాపలా పెట్టకూడదని ఆలస్యంగా తెలిసింది.

మొదటి వరుస కూడా తీసెయ్యి. వచ్చేవాళ్ళందరినీ ఏ కొలతతో చూస్తావో నన్నూ దానితోనే చూడు.

శివరామకృష్ణ


కాకినాడ
21 సెప్టెంబరు 2003

మాస్టారికి,
నమస్కారాలు.

మీరు రాసినట్టే రెండూ తీసేశాను. గుమస్తాలు మళ్ళీ ఐదుగురయ్యారు. ఒక్కొక్కరు ఇరవై ఒక్క ఎంబీ. ఆరు రోజులుగా చూస్తున్నాను, పెరగలేదు. మెయిల్ వచ్చిన నిమిషంలో బయటికి పోతోంది. గదిలో డిస్క్ చప్పుడు లేకపోయేసరికి మొదటిరోజు యంత్రం ఆగిపోయిందేమోనని భయపడ్డాను. ఆపిన పెట్టె ఇక రోజూ తెరుస్తాను, అందులో ఎవరున్నారో చూడటానికి.

పౌర్ణమి పోటుకి వాళ్ళు రాలేదు. అమావాస్య పోటుకి వస్తామని వీరవేణి గారికి కబురు పెట్టారు. అమ్మ పడవ సిద్ధంగా ఉంచమంది.

ఇంకో విషయం. మొన్న మీరు వేదిక సభ్యులందరికీ పంపిన మెయిల్ ఆగిపోయింది. ఆరు మార్కులు. మన పట్టిక కాదండి, అది లేదు కదా. అందరికీ ఉండే మామూలు నిబంధనలే. కారణం కింద రాసి ఉంది: పైన విషయం గడి అంతా ఇంగ్లీషు పెద్దక్షరాల్లో ఉందట, లోపల సగం కూడా పెద్దక్షరాలేనట, ఆశ్చర్యార్థకాలు వరసగా ఏడు ఉన్నాయట. అలా రాస్తే అరుస్తున్నట్టు లెక్క అంటుంది ఫిల్టర్.

చదివి, వదిలాను. మంచి ఉత్తరం. వచ్చేసారికి అక్షరాలు చిన్నవి చెయ్యండి చాలు.

అరుపు సంగతి అమ్మకి చెప్పాను. "మిషను కూడా అదే అందా?" అని అడిగింది.

రాణి